కోల్డ్ స్టోరేజీలో మూడు నక్షత్రాలు

శుక్రవారం ఉదయం ఆరుంపావుకు చీరాలలో పాసింజరు ఎక్కాను. చేతిసంచిలో ఇత్తడి మైక్రోస్కోపు, ఇడ్లీ పొట్లం. గుంటూరు శివార్లలో మూతపడుతున్న ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీకి ప్రయాణం. అక్కడ మిషన్లు చూసే దేవదానం ముందురోజు ఫోన్ చేశాడు: "మీ గాజు పలకలు ఇంకా ఇక్కడే ఉన్నాయండి. సోమవారం బిల్డింగ్ కూలగొడతారు."

ఆ పలకల సంగతి చెప్పాలి. ఎనిమిదో తరగతి దాటని నాకు నలభై ఏళ్ల కిందట ఒక ప్రయోగశాలలో మైక్రోస్కోపు ముందు ఉద్యోగం దొరికింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఫిజిక్సు నేనే నేర్చుకున్నాను. విదేశాల్లో పెద్ద యంత్రం నుంచి మహావేగంతో కణాలను ఈ పలకల మీదికి వదిలి, పరీక్షించమని మాకు పంపేవారు. పలక మీది జిలెటిన్ పూతలో ఏ పరమాణు కేంద్రకమైనా బద్దలైతే, ముక్కలు పారిన దారులు నల్లగీతలై నక్షత్రంలా మిగిలేవి. ఒక ముక్క కాస్త దూరం పోయి మళ్లీ పేలిందంటే దానిలో వింత కణం దాగి ఉండొచ్చు. నేను ఒకదాని వెనక ఒకటి మూడు పేలుళ్లు చూశాను. మొదటిది అసలు తాకిడిది. తర్వాతి రెండూ ఒకే ముక్కవి, అంటే ఒకే కేంద్రకంలో రెండు వింత కణాలు! ప్రపంచంలోనే బహు అరుదు.

మా ప్రయోగశాల ప్రొఫెసరు చూశాడా? లేదు. "మురికయ్యా అది. ముందు చదువుకుని రా" అన్నాడు. ఎండలకు పూత ఊడిపోతుందని పెట్టెలన్నీ తన బావమరిది కోల్డ్ స్టోరేజీకి పంపించేశాడు.

తెనాలిలో బండి మారాను. ఎదుటి సీటులోని టీచరమ్మ మైక్రోస్కోపు చూసి, "కంటి డాక్టరుగారాండీ?" అంది.

"కాదమ్మా. నా కన్ను చూసింది నిజమో కాదో తేల్చుకోవడానికి పోతున్నా."

"తేలితే చెప్పండి, నాకూ కొన్ని తేలాలి."

తొమ్మిదిన్నరకు గుంటూరు. ఆటోకు ఎనభై ఇచ్చాను.

దేవదానం కోల్డ్ స్టోరేజీ తలుపు తీశాడు. గది ఖాళీ. బస్తాలు పోయినా ఘాటు పోలేదు, చల్లగా గొంతులోకి దిగుతోంది. టార్చి వెలుగులో మా ఊపిర్లు రెండు పొగలై లేస్తున్నాయి. వాటి అవతల మూడోది కూడా లేచింది.

"ఇంకెవరున్నారయ్యా ఇక్కడ?"

"పదేళ్ల నుంచీ నేనూ అదే అడుగుతన్నానండి" అన్నాడు దేవదానం, నవ్వకుండా.

పలక దొరికింది. అంచున నా చేతిరాత. దేవదానం అడ్డుపడ్డాడు. "రేపటిదాకా ఇంత చల్లగా ఉండని ముందు గదిలో ఉంచాలండి. మిరపకాయ బస్తానైనా ఎకాఎకి ఎండలోకి తియ్యం. చెమట పట్టేస్తది."

"నలభై ఏళ్లు ఆగాను. ఇంకెన్నాళ్లయ్యా!"

అరుగు మీద ఎండలో మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. ఉన్నాయి. మూడూ ఉన్నాయి. దేవదానాన్ని లాగి చూపించాను.

"మూడండి, గొలుసులాగ... అదేంటండీ, నడుస్తన్నాయి!"

అతన్ని నెట్టి చూశాను. గాజుకు చెమట పట్టింది. ఏళ్ల తరబడి కుళ్లిన పూత కరిగి జారుతోంది. మూడో నక్షత్రం కాళ్లు ముడుచుకుని పురుగులా పక్కకు పోయింది. రెండోది సాగి సాగి తెగింది. మొదటిది కాసేపు నన్నే చూస్తూ ఉండి, మసకలో కలిసిపోయింది.

"నేను చూశాగండీ. ఎవరడిగినా చెబుతా."

"నిన్నెవరు అడుగుతారయ్యా?"

"మిమ్మల్ని మాత్రం ఎవరడిగారండి?"

మూడింటి బండికి తిరుగు ప్రయాణం. పొన్నూరు దాటాక పలక తీసి కిటికీకి పట్టాను. మామూలు గాజు, అవతల ఎర్రటి మిరప కల్లాలు జారిపోతున్నాయి. ప్రొఫెసరును తిట్టుకోబోయి మానుకున్నాను. ఆయన నమ్మలేదంతే, చెరిపింది నేను. ఇలాంటి పెట్టె కోసం మీలో ఎవరైనా బయల్దేరితే, ముందు గదిలో ఒక రాత్రి ఉంచండి. సోమవారానికి ఇంకా మూడు రోజులు ఉన్నాయి.