వెనక స్లాబు లేదన్నాడు

పదేళ్ళకు పైగా ఒక సంగతి నా లోపల బరువుగా ఉండిపోయింది. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయడం లేదు. ఇందులో వచ్చే ఇద్దరి పేర్లూ మార్చాను. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తాను.

నేను స్ట్రక్చరల్ ఇంజనీరుని. భవనం ఎలా కనిపించాలో వేరేవాళ్ళు చెబుతారు. అది పడిపోకుండా నిలబడాలంటే ఎక్కడ ఎంత ఇనుము, ఎంత కాంక్రీటు కావాలో లెక్కగట్టడం నా పని. పుట్టింది గుంటూరు దగ్గర. పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చాను. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుకు మేడ మీద చిన్న ఆఫీసు తెరిచాను. నాకు తోడుగా ఉన్నది యాదగిరి ఒక్కడే. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చాడు. డిప్లొమా చదివాడు. మొదట్లో నేను లెక్కలు చేస్తే అతను డ్రాయింగులు గీసేవాడు. నాలుగైదేళ్ళకు లెక్కలూ అతనే చేయసాగాడు. నేను చూసి సంతకం పెట్టేదాన్ని.

చూసి అన్నాను. నిజంగా చూసేదాన్నా? మొదట్లో ప్రతి అంకె చూశాను. తర్వాత పెద్ద బీములు మాత్రం. ఆ తర్వాత చివరి పేజీ. చూడటం ఎప్పుడు మానేశానో ఎంత వెతికినా నాకు దొరకదు. ఫలానా రోజు అని ఉంటే బాగుండేది. లైసెన్సు తీసుకునేటప్పుడు సంతకం చేసిన కాగితంలో స్పష్టంగానే ఉంది, గీసింది ఎవరైనా, లెక్క చేసింది ఎవరైనా, పూచీ లైసెన్సు ఉన్నవాళ్ళదేనని. అది చదివే సంతకం చేశాను. లేక, దాన్ని కూడా చివరి పేజీ మాత్రమే చూశానా?

తెలంగాణ ఉద్యమం బాగా ఊపు మీదున్న రోజులవి. వారానికొక బంద్, లేకపోతే ర్యాలీ. బస్సులు ఎప్పుడు ఆగిపోతాయో తెలియదు. మా వీధిలో అటువాళ్ళూ ఇటువాళ్ళూ కలిసే ఉండేవాళ్ళు. టీ కొట్టు దగ్గర మాత్రం గొంతులు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. యాదగిరి తన బండి మీద జై తెలంగాణ అని స్టిక్కర్ అంటించుకున్నాడు. సెలవు రోజుల్లో ర్యాలీలకు వెళ్ళేవాడు. పని మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయలేదు. ఇది తప్పకుండా రాయాలి. ఎందుకో మీకే తెలుస్తుంది.

అప్పుడు ఎల్.బి.నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్ కడుతున్నారు. యజమాని రిటైరైన మాస్టారు, మా వైపు మనిషి. గేటు ముందు స్తంభాలు లేకుండా ఏడడుగులు ముందుకొచ్చే పోర్టికో కావాలన్నారు. అలాంటి స్లాబు గాలిలో ఊరికే నిలవదు. దాని పై కడ్డీలు వెనక గది స్లాబులోకి వెళ్ళి గట్టిగా పట్టుకోవాలి, చాచిన చేతిని భుజం పట్టుకున్నట్టు. మొదటి డ్రాయింగు అలాగే ఇచ్చాం. నేను చూశాను, సంతకం పెట్టాను. ఆ తర్వాత మాస్టారు మనసు మార్చుకుని, లోపలికి వెలుతురు రావాలి, పోర్టికో వెనకున్న స్లాబు తీసేసి ఖాళీ వదలమన్నారు. దాన్ని సవరించే పని యాదగిరికి అప్పగించాను.

అతను సవరణ ముగించిన మర్నాడే బంద్. బంద్‌కు ముందు రోజు మధ్యాహ్నమే కొత్తపేట దగ్గర రోడ్డు మూసేస్తారని ఎవరో ఫోన్ చేశారు. స్కూలు నుంచి పాపని తెచ్చుకోవాలి. బ్యాగు భుజాన వేసుకుని లేచాను. అప్పుడు యాదగిరి డ్రాయింగు కాపీ తెచ్చి నా బల్ల మీద పరిచాడు.

"మేడం, జర ఇది చూడుండ్రి. వెనక స్లాబు లేదు ఇప్పుడు. పై కడ్డీలు పోనీకి జాగ లేదు. గా బరువంతా బీమ్ ఒక్కటే మోయాలె. మెలిపడదా?"

"పెద్ద బీమేగా. పోయినసారి కూడా ఇలాగే ఇచ్చాం."

"గప్పుడు వెనక స్లాబు ఉండె, మేడం."

"ఏం కాదులే. వాళ్ళు కాంక్రీటుకి సిద్ధంగా ఉన్నారు. పంపించెయ్, నేను తర్వాత చూస్తాను."

"మీరు చూసినంక పంపుదమా?"

"ఆపకు యాదగిరీ. పంపించెయ్."

ఆ కాపీ అంచున అతను పెన్సిల్‌తో 'వెనక స్లాబు లేదు, చూడాలె' అని రాసుకున్నాడు. దాని పక్కనే నేను నిలబడే ఓకే అని రాసి పొడి సంతకం గీశాను. మెట్లు దిగిపోయాను. మొత్తం కలిపి రెండు నిమిషాలు కూడా పట్టి ఉండదు. సైటుకు వెళ్ళిన కాపీ మీద సంతకం పెట్టడం నేను మర్చిపోయాను. తర్వాత చూడటం కూడా మర్చిపోయాను.

కాంక్రీటు పోశారు. కొన్ని వారాలకు, ఒక ఉదయం, కింద పెట్టిన ఆధారపు కర్రలు తీశారు. మధ్యాహ్నం కూలీలు అన్నాలకు కూర్చున్నారు. సాయమ్మ అనే ఆమె పోర్టికో నీడలో కూర్చుంది. ఆ స్లాబును మోస్తున్న బీమ్ మెలితిరిగి స్లాబు ఒరిగిపోయింది. మిగతావాళ్ళు నీళ్ళ డ్రమ్ము దగ్గర ఉన్నారు. సాయమ్మ ఎడమ కాలు మోకాలి కింద నలిగిపోయింది.

నేను వెళ్ళేసరికి ఆమెను మలక్‌పేట దవాఖానకు తీసుకెళ్ళారు. విరిగిన బీము దగ్గర చాలాసేపు నిలబడ్డాను. మీకు విచిత్రంగా ఉండవచ్చు, నాకు మొదట కలిగింది భయం కాదు. కుతూహలం. పగుళ్ళు ఏటవాలుగా, బీము చుట్టూ తాడు పెనవేసినట్టు తిరిగి ఉన్నాయి. పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటుందో అచ్చం అలాగే. మెలిపడదా అని అతను అడిగింది ఇదే. ఆఫీసుకు వచ్చి లెక్క చేశాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ బీము నిలబడే అవకాశమే లేదు. భయం అప్పుడు వచ్చింది.

ఇక నేను చేసిన పని. పెన్సిల్ రాత ఉన్న ఆ కాపీని ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను. మున్సిపల్ కార్యాలయం నుంచి అధికారి వచ్చి రాతపూర్వకంగా వివరణ ఇవ్వమంటే, సవరించిన డ్రాయింగు నా పరిశీలనకు రాకుండానే నా సహాయకుడు సైటుకు పంపాడని నా చేత్తో రాసిచ్చాను. సైటు కాపీ మీద నా సంతకం లేదు కాబట్టి నమ్మారు. మాస్టారు అడిగినప్పుడు ఇంకొక వాక్యం కూడా అన్నాను. ఈ మధ్య అతని ధ్యాసంతా ఉద్యమం మీదే ఉందండీ, అన్నాను.

అది రాతలో ఇచ్చిన అబద్ధం కన్నా గట్టిగా పనిచేసింది. మాస్టారు తలూపారు. నేను చెప్పకముందే ఆయనకు అది తెలుసన్నట్టు ఊపారు. సాయంత్రానికల్లా మేస్త్రీలకు, కాంట్రాక్టర్లకు ఆ మాట చేరింది. నన్ను హెచ్చరించి వదిలేశారు. యాదగిరిని నేను పొమ్మనలేదు. కొన్నాళ్ళు ఇంట్లో ఉండమన్నాను. అతను తాళం చెవి బల్ల మీద పెట్టి, నా మొహంలోకి ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. అనుభవ పత్రం కోసం కూడా రాలేదు. ఆ పత్రం ఉంటే అతను సొంతంగా లైసెన్సుకు దరఖాస్తు చేసుకోగలిగేవాడు.

సాయమ్మను దవాఖానలో ఒక్కసారి చూశాను. అది గీసింది ఎవరమ్మా అని అడిగింది. కోపంగా కాదు, తెలుసుకుందామని. మా ఆఫీసులో ఒకతను అన్నాను. చదువుకున్నోడేనా అని అడిగింది. నేను లేచి వచ్చేశాను. ఆమె మళ్ళీ బరువు పనికి పోలేకపోయిందని తర్వాత తెలిసింది.

కూలిన కట్టడాన్ని పరిశీలించేటప్పుడు మొదటి పగులు ఎక్కడ పడిందో వెతుకుతాం. నన్ను నేను అలా ఎన్నోసార్లు వెతుక్కున్నాను. ఆ రెండు నిమిషాల్లో ఆ కాగితాన్ని నా వైపు ఎందుకు లాక్కోలేదు? తొందరా? తొందర ఉంది, కానీ రెండు రోజులు ఆగి పోయండి అని సైటుకు ఒక ఫోన్ చేస్తే సరిపోయేది. డిప్లొమా చదివినవాడు డిగ్రీ ఉన్న నాకు తెలియనిది కనిపెడతాడా అనుకున్నానా? ఆ ప్రశ్నే మా వైపు కుర్రవాడెవరైనా అడిగి ఉంటే బ్యాగు దించి కూర్చునేదాన్నా? ఆ రోజు పొద్దున మెట్ల దగ్గర అతని బండి మీది స్టిక్కర్ చూసి మొహం చిట్లించాను. అది గుర్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదని ఒట్టు పెట్టి చెప్పలేను. ఉందని కూడా రుజువు చేయలేను. ఇంజనీరుకి ఇంతకన్నా చిరాకైన స్థితి ఉండదు.

రాష్ట్రం వచ్చింది. మెట్రో వచ్చింది. ఒకరోజు మూసారాంబాగ్ స్టేషన్‌లో యాదగిరి కనిపించాడు. జుట్టు నెరిసింది. సైదాబాద్‌లో ఇంకొకరి దగ్గర ఇళ్ళ ప్లాన్లు గీస్తున్నానన్నాడు. మేడం బాగున్నరా అని మామూలుగానే పలకరించాడు. ఇన్నేళ్ళుగా నన్ను తొలిచేస్తున్నది ఒకటుంది. అతను ఆ కాపీ గురించి ఎవరికీ ఎందుకు చెప్పలేదు? అదే అడిగాను. నువ్వు అనడం నోటికి రాలేదు. మీరు ఎందుకు చెప్పలేదు అన్నాను.

అతను పట్టాల వైపు చూస్తూ అన్నాడు.

"చెప్తె ఎవరింటరు మేడం? నువ్వు జెండా ఎందుకు పట్టినవని అందరడిగిండ్రు. నువ్వు మేడంని ఏమడిగినవని ఒక్కరన్న అడగలె."

బండి వచ్చింది. అతను ఎక్కాడు. తప్పు నాది అని అప్పుడు అనడానికి తలుపులు మూసుకునేంత వరకూ సమయం ఉంది. అనలేదు. నా కుతూహలం తీరింది, అంతే. అతనికి నేను ఇచ్చిందేమీ లేదు.

అనుభవ పత్రం ఇప్పుడు రాశాను. అతను నా దగ్గర చేసిన లెక్కలు, డ్రాయింగులు, ఏళ్ళతో సహా. దానితో పాటు ఆనాటి నా వివరణ అబద్ధమని కూడా రాసి, రెండూ రేపు సైదాబాద్ పంపుతున్నాను. వాటితో ఏం చేయాలో అతని ఇష్టం. ఏమీ చేయకపోవచ్చు. నా లైసెన్సు పోవచ్చు. సాయమ్మ ఇప్పుడు ఎక్కడుందో నాకు దొరకలేదు. ఆమెకు నేను చెప్పిన సగం నిజం ఆమె దగ్గరే ఉండిపోయింది. దాన్ని వెనక్కి తీసుకునే దారి నాకు తెలియదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది ఇవ్వాల్సింది మీరు కాదు. ఒక్కటి మాత్రం మీ ముందు రాయనివ్వండి. అతను అడిగాడు. చూడకుండా పంపమన్నది నేను. ఇంత చిన్న మాట. రాశాక ఊపిరి చాలా ఏళ్ళ తర్వాత పూర్తిగా లోపలికి వెళ్ళింది.