దెబోరా పక్కన చోటు

హ్యూస్టన్ తెలుగు క్రైస్తవ సంఘంలో పుట్టిపెరిగిన పిల్లల్లో వసంతకుమారి ఆంటీ చేత ఇంజెక్షను పొడిపించుకోనివాళ్లు లేరు. ఆదివారం ఆరాధన ముగిసిందంటే ముసలమ్మలంతా ఆమె ముందు చేతులు చాపి కూర్చునేవాళ్లు, బీపీ చూడమని. అందరి ఒంట్లో ఏముందో ఆమెకు తెలుసు. ఆమె మనసులో ఏముందో మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఆమె సొంతూరు కావలి. నర్సు ట్రైనింగులో రెండేళ్లు సీనియరైన దెబోరాతో కలిసింది. ఆ తర్వాత విడిపోలేదు. డెబ్భై రెండులో ఇద్దరూ ఒకే విమానంలో అమెరికా వచ్చారు. ఒకే ఆసుపత్రి, ఒకే ఇల్లు, ఒకే పాత కారు. మొదట్లో సంబంధాలు చూస్తామని సంఘం ఆడవాళ్లు వెంటపడ్డారు. అడిగి అడిగి నోరు నొప్పెట్టి మానేసి, జంట సిస్టర్లని పేరు పెట్టి ఊరుకున్నారు. తెలిసీ తెలియనట్టు ఉండటంలో మనవాళ్లు మహా గట్టివాళ్లు. వసంత కూడా తక్కువదేం కాదు. నలుగురిలో దెబోరాను అక్కా అనేది, ఇంట్లో పేరు పెట్టి పిలిచేది.

డెబ్భై ఎనిమిదిలో ఇద్దరూ పౌరసత్వం తీసుకున్నారు. కోర్టు హాల్లో పక్కపక్కనే నిలబడి కుడిచేతులెత్తి ప్రమాణం చేశారు. మెట్లు దిగుతూ దెబోరా ఒకటే నవ్వు. "చెయ్యెత్తితే దేశం ఇచ్చేశారే వసంతా! ఇంకేం అడుగుదామంటావ్?"

ఆ తర్వాత రెండేళ్లకు సంఘం సమాధుల తోటలో కొంత స్థలం కొంది. కుటుంబాలవాళ్లు నీడ చూసుకుని చోట్లు ఏరుకున్నారు. దెబోరా రోడ్డువైపు కంచె పక్కన రెండు చోట్లు పట్టింది. "ఇక్కడైతే వచ్చేపోయే కార్లు చూసుకోవచ్చు, బోర్ కొట్టదు" అంది. పక్కపక్కనే, ఇద్దరి పేరిటా రాయించింది. ఆ దేశంలో ఏ చట్టమూ వాళ్లిద్దరినీ ఒకటి చెయ్యలేదు. ఆ రెండు చోట్లే చేశాయి.

ఎనభై అయిదు జనవరిలో హ్యూస్టన్ ఊరంతా ఓటు వేసింది. మగవాణ్ని ప్రేమించిన మగవాడికీ, ఆడదాన్ని ప్రేమించిన ఆడదానికీ ఆ కారణంతో నగరపాలక సంస్థలో ఉద్యోగం పోకూడదని సిటీ కౌన్సిలు అంతకుముందు ఏడు తీర్మానించింది. కూడదు, మేమే తేలుస్తామన్నారు జనం. అయిదుగురిలో నలుగురు కాదన్నారు, తీర్మానం కొట్టుకుపోయింది. అది చూసి మా జయరాజుకు ఊపు వచ్చింది. చమురు కంపెనీలో ఇంజినీరు, సంఘంలో పెద్ద. "సిటీ అంతా క్లియర్‌గా చెప్పేసింది. మనం స్టాండ్ తీసుకోకపోతే ఎలాగండీ?" అంటూ ఆదివారం మీటింగులో లేచాడు. మన తోటలో పక్కపక్క చోట్లు జంటగా రాయించుకునే హక్కు మొగుడూపెళ్లాలకూ రక్తసంబంధీకులకూ మాత్రమే ఉండాలట, ఇదివరకు రాయించుకున్నవాటికీ అదే రూలట. ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు.

"ఒప్పుకునేవారు చెయ్యెత్తండి" అన్నారు కృపావరం పాస్టరుగారు.

డ్యూటీకి మధ్యలో లేచిపోవడానికి వీలుగా వాళ్లిద్దరూ ఎప్పుడూ ఆఖరి బెంచీలోనే కూర్చునేవాళ్లు. ముందున్న చేతులన్నీ లేచాయి. ఎత్తకపోతే తమ సంగతి తామే చాటుకున్నట్టవుతుందని వసంత అనుకుంది. ఆమె చెయ్యి లేచింది. వెనక్కి తిరిగి చూసినవాళ్లు ఎవరూ లేరు. దెబోరా చూసింది.

"కాదనేవారు?"

దెబోరా చెయ్యెత్తింది. అప్పుడూ ఎవరూ వెనక్కి తిరగలేదు, ఎదురుగా ఉన్న పాస్టరుగారికి తప్ప అది కనపడలేదు. హాలు మొత్తానికి ఒకే ఒక్క చెయ్యి. లెక్క అయిందని పాస్టరుగారు చెప్పేదాకా ఆమె దాన్ని దించలేదు.

కార్లో వసంత ఏడ్చింది. "భయమేసింది దెబోరా."

"తెలుసులే. రోడ్డు చూసి డ్రైవ్ చెయ్యి."

అంతే, ఇక ఆ ఊసెత్తలేదు. ఒక్కసారి తిట్టినా బాగుండేదని వసంత చాలాకాలం కుమిలిపోయింది.

మరుసటేడు దెబోరా కడుపులో కేన్సరు బయటపడింది. ఎన్నో ఒళ్లు తుడిచిన చేతులతో వసంత ఆ ఒళ్లూ తుడిచింది, తనను ఒంటరిని చెయ్యొద్దని దేవుడి కాళ్లావేళ్లా పడింది. ఆయన వినలేదు. కంచె పక్క చోటులో దెబోరాను పెట్టారు. సంఘమంతా వచ్చి కన్నీళ్లతో పాటలు పాడింది. ఆ కన్నీళ్లు నిజమైనవే, అదే తమాషా.

పదిరోజులు తిరక్కముందే జయరాజు ఇంటికొచ్చాడు. "రిజల్యూషన్ ఉంది కదండీ వసంతగారూ. మీకు ఆ చివర ఇంకా మంచి ప్లేస్ అలాట్ చేస్తాం. నీడ కూడా ఉంటుంది."

"నాకు నీడ వద్దండీ, జయరాజుగారూ" అంది వసంత.

జన్మలో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి వెళ్లి లాయరును పెట్టుకుంది. ఆ తెల్ల లాయరమ్మ అంతా విని, "మీకు పెళ్లి చేసే చట్టముంటే ఈ గొడవే లేదు. లేదు కాబట్టి మనకున్న దారి ఒక్కటే. రూలు రాకముందు మీరు కొనుక్కున్న చోటు. మీరు స్వయంగా ఒప్పుకుంటే తప్ప, ఎంతమంది ఓటేసినా అది లాక్కోకూడదు. మీరు ఒప్పుకున్నారా?" అని అడిగింది.

"లేదు" అంది వసంత. మనసులో ఒప్పుకోలేదుగా అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఎనభై ఏడులో కేసు విచారణకొచ్చింది. ఎక్కువమంది అనుకున్నదాన్ని కోర్టులు కొట్టేస్తూ పోతే ఇక ఓటెందుకని సంఘం లాయరు వాదించాడు. ఎక్కువమంది తల్చుకుంటే ఒక మనిషికి ఆరడుగుల నేల కూడా దక్కకపోతే ఇక కోర్టెందుకని లాయరమ్మ అడిగింది. జడ్జి ఇద్దరి మాటా శ్రద్ధగా విన్నాడు.

కృపావరం పాస్టరుగారిని బోనెక్కించారు. కాదన్న చేతులు ఎన్ని లేచాయని లాయరమ్మ అడిగింది. ఆయన వసంత వంక చూశారు. ఆయనకూ ఆమే బీపీ చూసేది.

"వెనక బెంచీలో ఒకటో, రెండో లేచినట్టు గుర్తు" అన్నారు మెల్లగా.

ముసలాయన ఆమె కోసం తలుపు ఓరగా తీసిపెట్టాడు. లోపలికి అడుగేస్తే చాలు.

వసంతను పిలిచారు. కుడిచెయ్యి ఎత్తమన్నారు. ఎత్తి ప్రమాణం చేసింది. ఆ రెండో చెయ్యి మీదేనా అని లాయరమ్మ అడిగింది. ఔనంటే చోటు దక్కుతుంది. పాస్టరుగారు కాక, కాదనగల మనిషి ఒక్కతే. ఆమె మట్టిలో ఉంది.

"లేచింది ఒకటేనండీ. దెబోరాది" అంది వసంత. సంఘం పెద్దలంతా అక్కడే కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు ఆమె అక్కా అనకపోవడం అదే మొదటిసారి.

సంఘం లాయరు లేచాడు. "మరి మీ చెయ్యి?"

"నాది అంతకుముందే లేచింది, ఒప్పుకున్నవాళ్లతో."

సొంతంగా ఒప్పుకున్నదాన్ని రద్దు చెయ్యడానికి కోర్టుకు కారణం కనపడలేదని జడ్జి తీర్పు చెప్పాడు. వరండాలో లాయరమ్మకు కోపం ఆగలేదు. "ఒక్క మాటతో గెలిచేవాళ్లం. ఎందుకలా చెప్పారు?"

"అంతమందిలో ఆమె ఒక్కతే ఎత్తింది. నేనూ ఎత్తానంటే ఆ ఒక్కటీ ఆమె దగ్గర్నుంచి లాక్కున్నట్టే. అబద్ధం చెప్పి ఆమె పక్కన పడుకోలేనండీ."

ఆపైన రెండేళ్లు ఆ చోటు ఖాళీగానే ఉంది. వసంత ప్రతి ఆదివారం మడత కుర్చీ వేసుకుని అక్కడ కూర్చునేది. ఎనభై తొమ్మిదిలో జయరాజు అత్తగారు పోయింది, చోటు ఆమెకిచ్చారు. పాపం మంచి మనిషి. కడసారి నాడి చూసింది వసంతే. సమాధి దగ్గర అందరూ వరసగా వచ్చి మన్ను వేస్తున్నారు. తన వంతు వచ్చాక వసంత పిడికెడు మన్ను తీసుకుని, తనకనుకున్న గోతిలోకి చూస్తూ నిలబడిపోయింది. వెనకాల వరస ఆగిపోయింది.

"కానివ్వండి అక్కా" అన్నారెవరో.

వేసింది.