పొత్రంతో మూసిన డబ్బాలు

మా పక్కింటి అవ్వ పోయి పన్నెండు రోజులైంది. దవాఖానలో ఉందని తెలుసు గానీ, పోయిన సంగతి జనగామంతా తెలిశాక నాకు తెలిసింది. చెత్తబండి అక్క గేటు దగ్గర నిలబడి, "సారూ, అవ్వ పోయిందట గదా, ఎట్లయింది?" అని అడిగింది. గోడకు గోడ ఆనుకుని ఉండి కూడా ఆమె నోటే వినాల్సి వచ్చినందుకు సిగ్గేసింది.

అవ్వ మనుమల కోసం పైనాపిల్ ముక్కలు, రసగుల్లాలు డబ్బాల్లో వచ్చేవి. తినడం వాళ్ల పని, ఖాళీ డబ్బా అవ్వ పని. బియ్యం కడిగిన నీళ్లతో శుభ్రం చేసేది. చుట్టూ ఉన్న కాగితాన్ని వేడినీళ్లలో నానబెట్టి, చిరగకుండా ఒలిచేది. మిగిలిన జిగురుకు కాస్త మంచినూనె రాసి పీచుతో రుద్దేది. కాగితం ఆరాక గోడ మీదుగా అందించి, "ఏం రాసిండ్రో జర సదువు బిడ్డా" అనేది. పండు ఏ దేశంలో కాసిందో చదివితే బుగ్గలు నొక్కుకునేది.

"నేను జఫర్‌గఢ్ కాన్నుంచి గీడిదాకనే వచ్చిన. గిది సముద్రం దాటొచ్చిందా!"

ఇంతా చేస్తే ఆ డబ్బా పోయేది చెత్తబండి ఎక్కి పాత సామాన్ల దుకాణానికే. ఎందుకీ చాదస్తమని ఏడిపించేవాణ్ణి. అన్నిటికన్నా వింత ఏమిటంటే, కోసిన మూతను డబ్బా లోపలే వేసి, రుబ్బురోటి పొత్రంతో కొట్టి మూతి మూసేసేది. ఎందుకని అడిగితే, "మనం పారేసినంక గది ఇంకొకల చేతుల పడ్తది" అని ఊరుకునేది. అడగడం అడిగాను గానీ, నా డబ్బాలు మాత్రం ఎట్లున్నవి అట్లే విసిరేవాణ్ణి.

నిన్న దినాల భోజనాలయ్యాయి. వంటవాళ్లు ఖాళీ రసగుల్లా డబ్బాలన్నీ అవ్వ ఎప్పుడూ డబ్బాలు వేసిపెట్టే సంచిలోనే కుక్కి గేటు ముందు పెట్టారు. ఈ పొద్దున చెత్తబండి అక్క వచ్చి, నాతో మాట్లాడుతూనే అందులో చెయ్యి పెట్టబోయింది. కోసిన మూతలు పైకి లేచి కనబడుతున్నాయి.

"అక్కా, ఆగు!" అని అరిచాను.

చెయ్యి ఆగింది. ఆ అరచేతిలో అడ్డంగా ఉన్న కుట్ల మచ్చను అప్పుడే చూశాను.

"అందరి సంచులు సూసుకుంట తీస్త సారూ. గీ ఒక్క ఇంటిదే సూడ. గిది తెగినప్పటి సంది అవ్వ ఒక్క మూత గూడ పైకి పెట్టలే."

ఆమె సంచిలోకి తొంగి చూసింది.

"అవ్వ లేదు గదా," అంది మెల్లగా. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని, సంచి ముందు అట్లాగే నిలబడింది.