ఇన్నయ్య మాస్టారు చేయని చప్పుడు

ఈ సాయంత్రం మా వీధి మైకులో పాటకీ పాటకీ మధ్య ఒక మోత వినిపించింది. లావుగా, ఒకే శ్రుతిలో, నేలలోంచి వస్తున్నట్టు. బియ్యం ఏరుతున్న చేటను అలాగే వదిలేసి పరుగెత్తాను. ఉత్సవానికి పందిరి వేసిన కుర్రాళ్ళు కరెంటు స్తంభం మీది తీగకు కొక్కెం తగిలించి ఒక వైరు తెచ్చుకున్నారు. రెండో వైరును ఎర్తు కోసం బోరింగు పంపు గొట్టానికి చుట్టారు. మా అబ్బాయి ఆ పంపు కొట్టడానికి చెయ్యి చాపుతున్నాడు. పక్కనే చెంబు పట్టుకుని వాడి చెల్లెలు.

ఇద్దరినీ రెక్కలు పట్టుకుని వెనక్కి లాగాను. బిత్తరపోయి పిల్లలు ఏడుపందుకున్నారు. పందిరి కింద నవ్వులు.

“ఏందక్కా, పాటలు కూడా ఇననియ్యవా?”

“ముందా వైరు ఊడదియ్యి. పిల్లలు నీళ్ళు పట్టుకునే పంపురా అది!”

కమిటీ పెద్దాయన కుర్చీలోంచి లేవనైనా లేవలేదు. “ఏటా ఇట్టాగే కడతన్నాం గదమ్మా. ఎవురికేమైంది?”

ఎవరికేమైందో నాకు తెలుసు. వైరు తీసేదాకా అక్కడే నిలబడ్డాను గానీ, ఏడుస్తున్న పిల్లలను ఇంటికి తెచ్చే తొందరలో ఆయనకు జవాబు చెప్పకుండానే వచ్చేశాను. పిల్లలు నిద్రపోయారు. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

నేను నరసరావుపేటలో బి.ఎస్సీ. చదివే రోజుల్లో మా పక్కింట్లో ఇన్నయ్య మాస్టారు అద్దెకుండేవారు. సొంతూరు రెంటచింతల. చిన్నతనంలో చర్చిలో హార్మోనియం వాయించి, తర్వాత కొన్నేళ్ళు మద్రాసు ఆర్కెస్ట్రాల్లో పనిచేసి, వస్తూ వస్తూ రకరకాల ధ్వనులు పుట్టించే కరెంటు పెట్టె, పాత సింథసైజర్ ఒకటి తెచ్చుకున్నారు. బళ్ళో సంగీతం చెప్పేవారు. సాయంత్రాలు ఆ పెట్టెతో నాటకాలకు చప్పుళ్ళు చేసేవారు. వేరే గ్రహం మనుషులు పల్నాటి పత్తిచేలో దిగినట్టు అప్పుడొక నాటక సమాజం ఓ నాటకం కడుతోంది. దాని శబ్దాలన్నీ ఆయనవే. చూడబోయిన నన్ను సాయానికి కూర్చోబెట్టుకున్నారు. ఆడపిల్లకు వైర్లతో పనేమిటని ఎవరో అంటే, “వైర్లకి ఆ సంగతి తెలవదులే” అన్నారు.

ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. ఏ చప్పుడైనా ముందు నోటితో చేసి చూపించాలి. అది కుదిరేదాకా మీట ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆకాశం నుంచి ఓడ దిగే చప్పుడు కోసం నేను మా వంటింట్లో రోజుల తరబడి బుసలు కొట్టాను. “ఏమే, ఒంట్లో బాగుండలా?” అని అమ్మ నుదురు పట్టి చూసేది. మాస్టారు విని తల అడ్డంగా ఊపారు. “ఇది ఓడ కాదు పద్మా, పొయ్యి మీద పొంగే పాలు. దిగేదానికి బరువుండాలి.” ఆ బరువేమిటో తెలుసుకొమ్మని చిలకలూరిపేట పత్తి జిన్నింగు మిల్లుకు తీసుకెళ్ళి, మర ఆపేశాక బెల్టు మెల్లమెల్లగా ఆగిపోయే మోత వినిపించారు. తిరిగొచ్చి ఆ మోతను పెట్టెలో వెతికాం. రెండు స్వరాలను ఒకచోట పెట్టి ఒకదాన్ని వెంట్రుకవాసి పక్కకు జరిపితే, అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ అలల్లా ఊగుతాయి. దానికి గాలి హోరు కలిపి, సన్నటి ధ్వనులు ఒక్కొక్కటే పోయేలా మీటను తిప్పుకుంటూ వస్తే చివరికి బరువొక్కటే మిగులుతుంది. అది కుదిరిన సాయంత్రం నేను నిజంగానే తలెత్తి ఇంటి కప్పు వైపు చూశాను. మాస్టారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

ఇంకొకటి కూడా నేర్పారు. పని మొదలుపెట్టే ముందు పెట్టెను ఆన్ చేసి, దేన్నీ ముట్టుకోకుండా వినాలి. “ఊరకే ఉన్నప్పుడు అదేం అంటందో తెలిస్తేనే, మనం అనిపించేదేదో, అది అనేదేదో తెలిసిద్ది” అనేవారు.

నాటక పోటీలు జరిగిన ఊరి పేరు రాయను. రెండు ట్రాక్టర్ ట్రక్కులు కలిపి స్టేజీ కట్టారు. కరెంటు స్తంభం మీది తీగకు కొక్కెం వేశారు. రెండో వైరుకు గునపం కట్టి, గునపాన్ని నేలలో దిగగొట్టి నీళ్ళు పోశారు. ఎండాకాలం. పోసిన నీళ్ళను నేల పోసినట్టే తాగేసింది. పొద్దుగూకే వేళ మాస్టారు పెట్టె ఆన్ చేశారు. ఇద్దరం విన్నాం. ఈ సాయంత్రం నేను విన్న మోత అదే.

మాస్టారు పోటీల కార్యదర్శిని పిలిచారు. “ఈ గునపంతో కాదు, సరైన కనెక్షన్ ఇప్పించండి. నేల ఎండిపోయి కరెంటుకి దారి లేక మా ఇనుము మీదికి వస్తంది.”

“జడ్జీలొచ్చి కూర్చున్నారు మాస్టారూ. ఇప్పుడాపితే ఊరి పరువేంగాను? ఇంకో రెండు బిందెలు పోయిస్తాలే, కానియ్యండి.”

రంగు పూసుకుని నిలబడ్డ నటుల వైపు మాస్టారు చూశారు. నన్ను మాత్రం కిందికి దిగమన్నారు. తాను కూర్చున్నారు.

ఓడ దిగే ఘట్టం వచ్చింది. మా చప్పుడు మొదలైంది. దాని అడుగున రెండోది లావెక్కుతోంది. ఏది మాదో ఏది కాదో ఆ మైదానంలో మా ఇద్దరికే తెలుసు. “మాస్టారూ, అది మనది కాదు, లేవండి!” అని అరిచాను. నా అరుపు ఎవరికి వినిపిస్తుంది? “ఒరేయ్, వచ్చేసిందిరా! భలే పెట్టాడ్రా!” అని జనం ఈలలు వేస్తున్నారు. మాస్టారు ఎడమచెయ్యి పెట్టె మీద ఉంచి, కుడిచేత్తో మైకు స్టాండు జరపబోయి అతుక్కుపోయారు. ఒళ్ళంతా వణుకుతుంటే, ఓడలోంచి కిరణమేదో తగిలినట్టు నటిస్తున్నారనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. కర్రతో కొక్కెం కొట్టండని నేను అరవగా అరవగా ఒక లారీ డ్రైవరు కొట్టి పడేశాడు.

మాస్టారు బతికారు. కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయి మళ్ళీ తెరుచుకోలేదు. ఊరివాళ్ళు మద్రాసు పెట్టెలోనే దోషముందన్నారు. నేను గునపం సంగతి చెబితే, “ఏ గునపం?” అన్నాడు కార్యదర్శి. నిజమే, అప్పటికే పీకేసి దాచేశారు.

ఆయన సొంతూరు చేరారని విని, రెంటచింతల వెళ్ళి చూశాను. మాస్టారు నవ్వారు. “ఒక్కటి ఒప్పుకో పద్మా. చప్పుడు బ్రహ్మాండంగా కుదిరింది.”

నాకు నవ్వు రాలేదు. “మీరు విన్నారు గదా మాస్టారూ. విని కూడా ఎందుకు కూర్చున్నారు?”

ఆయన ముడుచుకున్న వేళ్ళను ఎడమచేత్తో నిమురుకున్నారు. “అందరూ ఎదురుచూత్తన్నారు గదమ్మా. వాళ్ళనేం అనమాకు.”

నేను అంటాను. కార్యదర్శిని అంటాను, బోరింగుకు వైరు కట్టి కుర్చీలో కూర్చున్న పెద్దమనిషిని అంటాను. ఆ మోత వినడం నేర్పి, విన్నాక లేచి నిలబడడం నేర్పకుండా పోయిన మాస్టారినీ అంటాను. ఈ సాయంత్రం నా పిల్లలను కాపాడిన చెవులు ఆయనిచ్చినవే. ఆయన మర్యాద మాత్రం నాకొద్దు.

ఇంతవరకు రాసి పడుకున్నాను. తెల్లవారగానే మైకు మళ్ళీ మొదలైంది. పిల్లలిద్దరినీ ముందు కూర్చోబెట్టుకుని ఆ మోత నోటితో చేసి వినిపించాను. అమ్మాయి కిలకిలా నవ్వింది. నవ్వు ఆగేదాకా చేస్తూనే ఉండి, చెప్పాను:

“ఇది వినిపిస్తే ఇనుము ముట్టుకోకండి. దూరంగా వచ్చి, ఆపమని అరవండి. ఎంత పెద్దవాళ్ళున్నా, ఎంతమంది నవ్వినా అరవండి. ఏం కాదులే, మాట్లాడకుండా కూర్చోమని అమ్మ చెప్పినా సరే, కూర్చోవద్దు.”