పొద్దు గూకిందా అక్కా?

మార్టూరులో మా వీధి చివరింట్లో అస్లాం ఉండేవాడు. పగలు రాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో కంప్యూటర్ ఆపరేటరు. సాయంత్రం డ్యూటీ దిగి నెట్ సెంటర్‌కు పోయేవాడు. అక్కడ చేసే పనికి జీతం లేదు. నమాజు వేళలు, పొద్దు గూకాక రోజా ఉపవాసం విడిచే వేళలు ఊరూరికీ లెక్కగట్టే సాఫ్ట్‌వేరు ఒకటి ఉంది. ఒకరి ముఖం ఒకరు చూడని కొందరు కలిసి దాన్ని రాస్తున్నారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి రాతను దిద్దవచ్చు. కట్టుబాటు ఒక్కటే. ఒకరు దిద్దినదాన్ని ఇంకొకరు పరీక్షించి, ‘చూశాను’ అని పేరు పెట్టాకే అది అందరికీ వెళ్లాలి. మన వైపు ఊళ్లకు ఆ పేరు పెట్టేది అస్లామే.

2005 రంజాన్‌కు మసీదు పెద్ద సుభానీ గారు ఆ సాఫ్ట్‌వేరు తీసిన వేళల కాగితాన్నే మసీదు గోడకు అంటించారు. "మనోడు చేసింది ఉండగా పరాయిది ఎందుకు?" అని మురిసిపోయారు.

అస్లాం తల్లి నసీమున్నీసాకు అప్పటికే గుండె నీరసించింది. డాక్టరు వద్దన్నా రోజాలు మానలేదు. "వచ్చే రంజాన్ చూస్తానో లేదో. ఈ నెల ఒక్క రోజా కూడా పోనివ్వనురా" అంది. పక్కింటి బసవమ్మ, పోపు వాసన ఆమెదాకా పోకూడదని, ఆ నెలంతా తెల్లారకముందే వంట ముగించేది.

ఆ కాగితం తీయకముందే, రంజాన్‌కు వారం ముందు, హైదరాబాదు నుంచి మాలిక్ అనే తోటివాడు ఊళ్ల వివరాలు దిద్ది పంపాడు. అస్లాం తెరవకుండానే ‘చూశాను’ అని పెట్టేశాడు.

"చూడకుండానే చూశానంటావేంట్రా?" అన్నాడు నెట్ సెంటర్ చైతన్యకృష్ణ.

"మాలిక్ భాయ్ బిస్మిల్లా అని దేవుణ్ణి తలవకుండా ఉత్తరం మొదలుపెట్టడు. అలాంటాయన పని తనిఖీ చేస్తే అనుమానించినట్టు ఉండదూ?"

"అయితే రేపట్నించి నేనూ బొట్టు పెట్టుకుని కూర్చుంటా. బిల్లు చూడకుండా కట్టు!"

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ నెలంతా ముసురు. సూర్యుడు కనపడక ఊరంతా కాగితాన్నే నమ్ముకుంది. ఒక సాయంత్రం మసీదు నుంచి రోజా విడిచే అజాన్ వినిపించింది. నసీమున్నీసా ఖర్జూరం కొరికింది. అప్పుడే మబ్బు విడి, ఎదురు గోడ మీద ఎర్రటి ఎండ పడింది.

"అస్లాం... ఎండరా" అంది. నోట్లోది మింగలేదు, ఉమ్మలేదు.

అస్లాం నెట్ సెంటర్‌కు పరుగెత్తి చూస్తే, మాలిక్ దిద్దిన వివరాల్లో, ఎక్కడో తూర్పున పొద్దు ముందే గూకే ఊరి లెక్క మార్టూరుకు పడి ఉంది. నెల మొదటి నుంచీ అంతే.

శుక్రవారం నమాజు అయ్యాక అస్లాం లేచి నిలబడ్డాడు. "పొరపాటు ఒకరిది. దాన్ని ఆపడానికి పెట్టిన మనిషిని నేను. చూడకుండా చూశానన్నాను. మీ రోజాలు నా వల్ల పోయాయి."

సుభానీ గారు గోడ మీది కాగితం తీసి మడిచారు. "నిన్ను నమ్మి మేమూ ఆకాశం వంక చూడలేదు నాయనా. పండగయ్యాక ఆ రోజాలు అందరం తిరిగి ఉంటాంలే."

మసీదులో ఒప్పుకున్న మాటే అస్లాం సాఫ్ట్‌వేరు రాసే తోటివాళ్లందరికీ రాశాడు. జీతం లేని పని, పొరపాట్లు మామూలేనని జవాబులొచ్చాయి. ఆ ఓదార్పే అతన్ని ఎక్కువ కోసింది.

తల్లి పల్లెత్తు మాట అనలేదు. "ఆ మాలిక్‌కు ఫోన్ చెయ్యి నాన్నా. అన్నం తింటున్నాడో లేదో" అంది.

పండగయ్యాక పోయిన రోజాలు తిరిగి ఉండటం మొదలుపెట్టింది. "ఇంకా మిగిలే ఉన్నాయి కదరా" అంటూనే, అవి పూర్తికాకుండా కన్నుమూసింది.

మిగిలిన రోజాలు ఆమె బదులు అస్లాం ఉన్నాడు. అజాన్ వినపడ్డా పండు చేతిలోనే పట్టుకుని గడపలో కూర్చునేవాడు.

"పొద్దు గూకిందా అక్కా?"

బసవమ్మ చేతిలో పని వదిలి వీధి మొదలుకు నడిచేది. పత్తి చేల మీదుగా పడమటికి చూసి, తిరిగొచ్చేది.

"గూకిందయ్యా. నా కళ్లతో చూశాను. తిను."

ఆ మాట విన్నాక కూడా, పండు అతని నోటిదాకా వెళ్లడానికి చాలాసేపు పట్టేది. అందాకా ఆమె అక్కడే నిలబడేది.