ఇచ్చోడ బడిలో సాంచ నడిచిన రోజు

కరీంనగర్ నుంచి ఇచ్చోడకు చాలాసార్లు వెళ్లాను. కానీ "ఆ దారి ఎట్లుంటది మేడం?" అని ఎవరడిగినా నాకు ఒక్క ప్రయాణమే కళ్లముందుకు వస్తుంది. ఎనభైల చివరి మాట. కాబోయే టీచర్లకు నాటకంతో పాఠం చెప్పడం నేర్పేదాన్ని అప్పుడు. నాటకమంటే కిరీటాలూ తెరలూ కాదు. చిన్న తరగతుల పిల్లలు పాఠంలోకి తామే దిగి, చెట్టుగానో చెరువుగానో మారి నేర్చుకోవడం. తోటి లెక్చరర్లు "ఇయాళ ఏం ఆట మేడం?" అని ఎకసెక్కాలాడేవారు. ఒళ్లు మండేది. అయినా నా క్లాసు నేను మానలేదు.

ఆ బ్యాచిలో వనజ అనే సిరిసిల్ల అమ్మాయి ఉండేది. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. వాళ్ల బాపు ఒక సేటు కార్ఖానాలో సాంచలు నడిపేవాడు, అమ్మ, వాళ్ల మాటలో అవ్వ, అక్కడే నూలు కండెలు చుట్టేది. వనజ తెలివిలో ఎవరికీ తీసిపోదు. కానీ గొంతు! రెండో బెంచీ దాటేది కాదు. పిల్లల ముందు చెప్పి చూపించాల్సిన పాఠాల్లో రెండు అప్పటికే తప్పింది. రెండుసార్లూ 'గొంతు చాలదు' అనే రాశారు. మిగిలింది ఒక్క పాఠం. అదీ తప్పితే మళ్లీ ఏడాది చదివించడం నావల్ల కాదు, వచ్చి అవ్వ పక్కన కూర్చొని కండెలు చుట్టు అని బాపు చెప్పేశాడట. ఆ ఆఖరి పాఠం ఇచ్చోడలో పడింది. "ఉద్యోగాలొచ్చేది పల్లెలకే గదా, అక్కడే చెప్పనియ్యండి" అన్నారు మా ప్రిన్సిపాల్. తోడుగా నేను వెళ్లాను.

చలికాలం. తెల్లవారుజామున ఐదింటికి కరీంనగర్‌లో ఆదిలాబాద్ బస్సెక్కాం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూర్, అక్కడ నాగపూర్ రోడ్డెక్కి, సోన్ దగ్గర గోదావరి దాటి నిర్మల్. ఇద్దరికీ కలిపి యాభై, అరవై రూపాయలైనట్టు గుర్తు. ఇప్పుడైతే ఆర్మూర్ దాటాక రోడ్డు నున్నగా ఉంది గానీ, అప్పుడు ఒళ్లు హూనమయ్యేది. వనజ పాఠం 'బట్ట ఎట్లా తయారవుతుంది'. పత్తికి, నూలుకు, బట్టకు మాటలు రాసుకుంది, అవన్నీ బస్సులోనే వల్లె వేస్తోంది. కోరుట్ల దాటాక కండక్టర్ మా సీటు దగ్గర ఆగాడు.

"గీ బిడ్డ ఎవలతోని మాట్లాడుతుంది మేడం?"

"పాఠం చెప్తుంది."

"ఎవలికి? నాకే ఇనవడ్తలేదు, ఇగ పోరగాండ్లకేం ఇనవడ్తది!"

నేను చూసిన చూపుకు ఆయన టికెట్ల సంచి సర్దుకుంటూ ముందుకు పోయాడు. కానీ వనజ కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది. "ఆయన అబద్ధం చెప్పలే గదా మేడం" అంది. ఆ కాగితాలు విప్పి మళ్లీ ఆమె చేతిలో పెట్టాను.

నిర్మల్‌లో పావుగంట ఆగుతుంది. వనజ చాయ్ తేవడానికి దిగింది. బస్టాండంతా హారన్లు, ఇంజన్ల రొద. చాయ్ బండి అవతలి గోడ దగ్గర ఉంది. చక్కెర తక్కువ వేయించమని చెప్పడం మరిచిపోయి కిటికీలోంచి అరిచాను, నా గొంతు నాకే వినపడలేదు. అంతలో వనజే వెనక్కి తిరిగి చెయ్యెత్తింది. వేళ్లు నలిపి చక్కెర అంది, చెయ్యి పైకీ కిందికీ ఆడించి ఎక్కువనా తక్కువనా అని అడిగింది. ఆ తర్వాత డ్రైవర్ వైపు చూపించి తింటున్నట్టు చేసి, ఇంకా టైముంది, ఫికర్ లేదు అంది. ఒక్క మాట నోటితో అనలేదు. అంత దూరం నుంచి నాకు అన్నీ అర్థమయ్యాయి!

చాయ్ ఇవ్వగానే ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "ఎక్కడ నేర్చినవే గిది?"

"సాంచల కాడ మేడం. నలభై సాంచలు నడుస్తుంటె మాట యాడ ఇనవడ్తది? అవ్వ నన్ను గిట్లనే పిలుస్తది, గిట్లనే తిడ్తది."

"తిట్లు గూడనా!"

"అవే ముందు వస్తయ్ మేడం."

ఇద్దరం పకపకా నవ్వాం. ఆ నవ్వులోనే నాకు మెరిసింది. "పాఠం గూడ గట్లనే చెప్పు" అన్నాను. వనజ ముఖం పాలిపోయింది. "ఆఖరి పాఠం మేడం. మూగదాని లెక్క నిలవడితె ఎవలు పాస్ చేస్తరు?" భయం నాకూ ఉంది. ఈ పాఠం తప్పితే నష్టపోయేది నేను కాదు, ఆ పిల్ల. అయినా ఘాట్ రోడ్డు మలుపులు తిరిగినంతసేపూ, టేకు చెట్ల నడుమ, పాఠాన్ని మళ్లీ మొదటి నుంచి కట్టుకున్నాం. నేరడిగొండ వచ్చేసరికి మాటల కాగితాలను వనజే చింపి సంచిలో కుక్కింది.

పన్నెండు దాటాక ఇచ్చోడలో దిగి రోడ్డు పక్క గుడిసె హోటల్లో జొన్నరొట్టె తిన్నాం. వేడివేడిది, ఎల్లిపాయ కారంతో. ప్రాణం లేచివచ్చింది. వడ్డించే ఆమె మేమెందుకొచ్చామో విని పెదవి విరిచింది. "మా పోరి గాడనే మూడోది చదువుతది బాయి. ఇంట్ల మరాఠీ, బడిల తెలుగు. ఏం సమజ్ గాదు, నోరు ఇప్పదు." వనజ వెంటనే పత్తిని మీ ఇంట్లో ఏమంటారని అడిగింది. "కాపూస్." నూలు? "సూత్." బట్ట? "కాపడ్." మూడు మాటలూ అరచేతిలో రాసుకుంది.

బడి రోడ్డును ఆనుకునే ఉంది. లారీ పోయినప్పుడల్లా రేకులు దడదడలాడేవి. ఆదిలాబాద్ నుంచి పరీక్షాధికారి వచ్చారు. పెద్దాయన, ముక్కు మీద కళ్లద్దాలు. వెనక కుర్చీ వేసుకుని "కానియ్ బిడ్డా" అన్నారు. వనజ పిల్లల ముందు నిలబడింది. ఏమీ మాట్లాడలేదు. పిల్లలు చూస్తున్నారు, ఆయన పెన్ను తీశారు.

వనజ మెల్లగా వంగి నేలలో విత్తనం పెట్టింది. మొలక లేచింది, ఆకులు విప్పింది, గుప్పిట తెరిచి తెల్లగా పగిలింది. "కాపూస్!" అని అరిచిందొక పిల్ల. అచ్చు తల్లి పోలికే, హోటలామె కూతురు! వనజ పత్తి ఏరడం మొదలుపెట్టగానే ఆ పిల్ల ఉండబట్టలేక లేచి వచ్చింది. అట్లా కాదు, రెండు చేతులా తెంపి ఒడిలో వేసుకోవాలని చేసి చూపించింది. వనజ తన చోటు ఆమెకిచ్చి పక్కకు తప్పుకుంది. ఇంకేముంది, తరగతంతా పత్తిచేనైపోయింది.

తర్వాత పిల్లల్ని వరుసగా నిలబెట్టింది. వాళ్లే పోగులు. ఒకరు లేస్తే పక్కవాళ్లు కూర్చోవాలి, మధ్యలోంచి నూలుండ పట్టుకుని ఒక పిల్లవాడు దూరి పోవాలి. నోళ్లతో టకటకా టకటకా! సాంచ నడిచింది. నూలు కొస పట్టుకోవడానికి ఒకరు తక్కువయ్యారు. వనజ నేరుగా పరీక్షాధికారిని చూసి చెయ్యి ఊపింది. ఆయన వెనక్కి చూశారు. వెనకాల గోడే ఉంది. పెన్ను జేబులో పెట్టుకుని వచ్చి కొస పట్టుకున్నారు.

అంతలో నూలు తెగింది. పిల్లలు ఒకరి మీదొకరు పడ్డారు, నవ్వులు, కేకలు, బయట లారీ. హెడ్‌మాస్టర్ బెత్తం కోసం వెతుక్కుంటున్నారు. అయిపోయింది అనుకున్నాను. వనజ చెయ్యెత్తి పిడికిలి బిగించింది. సాంచల కాడ పోగు తెగితే చేసే సైగ అది. వరుసలో నిలబెట్టినప్పుడే పిల్లలకు నేర్పింది. టకటక టక్కున ఆగిపోయింది. తెగిన నూలును ముడివేస్తూ, తన చిన్న గొంతుతోనే అడిగింది: "మనం నేసింది ఏంది?"

"కాపడ్!" "బట్ట!" "కాపడ్!" రేకులు ఎగిరిపోతాయేమో అనిపించింది. రెండు మాటలూ బోర్డు మీద పక్కపక్కన రాసింది. నోరు విప్పదన్న పిల్ల అందరికంటే గట్టిగా చదివింది. నేను చప్పట్లు కొట్టాను. నిబంధనలకు విరుద్ధమే, అయితే ఏంటి!

వెళ్లబోయే ముందు పరీక్షాధికారి వనజను పిలిచారు. "నీ గొంతు చాలదని రాసిన్రు మునుపు. నన్ను కుర్చీలకెల్లి లేపనీకి మాత్రం మంచిగనే చాలింది బిడ్డా."

ఆ వైపు పాఠాలకు వెళ్లేవారికి నా సలహా ఒక్కటే: మధ్యాహ్నం భోజనాల వేళకల్లా చేరుకోండి, ఊళ్లోనే తినండి, మీ పాఠంలోని మాటల్ని ఆ పిల్లలు ఇంట్లో ఏమంటారో వడ్డించేవాళ్లను అడిగి రాసుకోండి. ఆ రోజు నుంచి నా క్లాసులో 'గట్టిగా మాట్లాడు' అని ఎవరికీ చెప్పలేదు. ఈ పిల్ల ఎక్కడ గడగడా మాట్లాడుతుంది, ఏ పనిలో మాట్లాడుతుంది అని వెతికేదాన్ని. టీచర్‌ను తయారుచేయడమంటే అదేనని నాకిప్పటికీ గట్టి నమ్మకం.

ఫలితాలు వచ్చిన రోజు వనజతో సిరిసిల్ల వెళ్లాను. కార్ఖానా గుమ్మంలో నిలబడితే చెవులు గింగురుమన్నాయి. అవ్వ మూలన కండెలు చుడుతోంది, బాపు సాంచల నడుమ ఉన్నాడు. వనజ చెయ్యెత్తింది. గాలిలో బోర్డు మీద రాసినట్టు రాసి, గుండె మీద చెయ్యి వేసుకుని, నేను టీచర్‌నైన అంది. అవ్వ కండె వదిలేసి అదే మాట చేతులతో బాపుకు చెప్పింది. బాపు పక్కాయనకు, ఆయన ఇంకొకరికి. ఒక సాంచ ఆగింది. ఇంకొకటి. చూస్తుండగానే అన్నీ ఆగిపోయాయి.

బాపు కళ్లు తుడుచుకుంటూ, "ఏదీ, జర నోటితోని చెప్పు బిడ్డా" అన్నాడు.

"పాసైన బాపూ" అంది వనజ. ఆ గొంతు కార్ఖానా చివరిదాకా వినిపించింది.