నోటితో పీల్చిన సీరం

సూర్యాపేటలో మా ల్యాబ్ అంటే మందుల షాపు వెనక ఒక్క గది. తొంభైల చివర్లో కూడా రక్తం నుంచి తీసిన సీరాన్ని గాజు గొట్టంతో, నోటితోనే పీల్చి కొలిచేవాళ్లం. అందుకో రబ్బరు బల్బు ఉంది గానీ సొరుగులో పడుండేది. చుక్క తేడా రాకుండా పీలుస్తానని నాకు మహా గొప్ప.

ఒకరోజు కోదాడ నుంచి ఒక లారీ డ్రైవర్ పచ్చబడ్డ కళ్లతో వచ్చాడు. అతని సీరం పీలుస్తుంటే ఎవరో పిలిచారు, తల తిప్పాను. నోట్లో ఉప్పగా తగిలింది. ఉమ్మేసి, పుక్కిలించి నవ్వేశాను. సాయంత్రానికి అతనికి హెపటైటిస్ బి, అంటే రక్తంతో అంటుకునే కామెర్లు, అని తేలింది. నా చిగుళ్ల నుంచి రోజూ రక్తం కారేది. టీకా ఉందని తెలిసీ వేయించుకోని మొనగాణ్ణి నేను.

నా భార్య అప్పటికి ఏడో నెలతో మిర్యాలగూడలో పుట్టింట్లో ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఏం కాదులే అనుకుంటూ ప్రతి ఆదివారం పోయాను, ఆమె పక్కనే పడుకున్నాను.

రెండు నెలలకు మూత్రం పచ్చబడింది, అన్నం సయించలేదు. తలుపేసుకుని నా రక్తం నేనే తీసుకున్నాను. పరీక్ష కార్డు మీద రెండు గీతలు వచ్చాయి, అంటే ఉన్నట్టే. ఆ కార్డు పట్టుకుని, మా ల్యాబ్‌కు పరీక్షలు పంపే డాక్టరు గారి దగ్గరికి పోయాను.

డాక్టరు గారు నా రక్తాన్ని ఇంకో పరీక్షకు హైదరాబాద్ పంపారు. "ఇప్పుడే అంటుకున్నదైతే శానామందికి ఆర్నెల్లల్ల అదే పోతది. పాతదైతేనే పరేషాన్," అన్నారు. నాకు వచ్చిన జబ్బు కొత్తదే కావాలని మొక్కుకున్నాను. కొత్తదే అని వచ్చింది. ఆ వారమే పాప పుట్టింది.

చూడటానికి వెళ్లలేదు. తాకితే అంటుకోదని తెలిసినా, నా చెయ్యి తగిలితే పాపకేమైనా అవుతుందేమోనని భయం. ఇరవై ఒకటో రోజుకూ పోలేదు. ఆడపిల్లని అలిగానని అత్తగారింట్లో అనుకున్నారట.

మర్నాడు మధ్యాహ్నం నా భార్య పాపనెత్తుకుని బస్సు దిగి నేరుగా ల్యాబ్‌కు వచ్చింది.

"ఆడిపిల్ల అనే గదా రాలె? నా మొకం సూసి చెప్పు."

పాపను అందించబోతే చేతులు వెనక్కి పెట్టుకుని గోడ దాకా జరిగాను. అప్పుడు ఏడుస్తూ అంతా చెప్పాను.

ఆమె పాపను బల్ల మీద పడుకోబెట్టింది. తర్వాత చేయి చాపింది. "నాది గూడ తియ్యి."

రోజుకు ముప్పై మందికి సూది గుచ్చేవాణ్ణి, ఆమెకు రెండుసార్లు నరం దొరకలేదు. కార్డు మీద చుక్క వేసి ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. పావుగంటైనా రెండో గీత రాలేదు. అంటుకున్నా రక్తంలో కనబడడానికి నెలలు పట్టొచ్చు, ఇంకో నెలకు మళ్లీ చూస్తే గానీ నమ్మలేమని నాకు తెలుసు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

"లేదు గదా, ఇగ పట్టుకో," అని పాపను నా ఒళ్లో పెట్టింది. అంతవరకు నా కూతురి ముఖం నేను చూడలేదు.